తుంగకు తుప్పు తెగులు

పొద్దున్నే నాన్నతో కలిసి దాళ్వా నారుమడి చూడటానికి వెళ్ళాను. రాత్రి మంచు బాగా కురిసినట్టుంది, గట్టు మీద నాలుగు అడుగులు వేసేసరికి పాదాలు తడిసిపోయాయి. బోదె పక్కన ఎప్పుడూ చిత్తడిగా ఉండే చోట కాస్త తుంగ మొలిచింది. పీకబోయి నాన్న ఆగిపోయారు.

"ఇదేంటమ్మా, ఆకులకి ఇటుకపొడి చల్లినట్టుంది?"

కూర్చుని చూశాను. ఆకుల నిండా సన్నటి పొక్కులు. వేలితో రాస్తే గోధుమరంగు పొడి అంటుకుంది. తుప్పు తెగులు! ఆ పొడంతా శిలీంధ్ర బీజాలే. గాలికి ఎగిరి పక్క ఆకు మీద వాలాక, ఇలా రాత్రంతా తడి ఉంటే మొలకెత్తి లోపలికి దిగుతాయి.

నాన్నకి వెంటనే నారుమడి టెన్షన్ పట్టుకుంది. రెండు బారల దూరంలోనే ఉంది మరి. రాదని చెప్పాను. గోధుమకి, జొన్నకి, మొక్కజొన్నకి తుప్పు తెగుళ్ళు ఉన్నాయి, ముఖ్యమైన ధాన్యాల్లో వరి ఒక్కటే దానికి లొంగదు. పైగా ఈ శిలీంధ్రాలు తమకు సరిపడిన మొక్క మీద, అదీ ప్రాణంతో ఉంటేనే బతుకుతాయి.

"అయితే తుంగని చంపేస్తుందా?"

అవునని చెప్పాలనిపించింది. ఏటా కలుపు తీసి తీసి ఆయన నడుము పట్టేయడం చూస్తూనే ఉన్నాను. అమెరికాలోని జార్జియాలో ఇలాంటి తుప్పునే వసంతం మొదట్లో ఇంకో రకం తుంగ మీదకి వదిలితే పూత ఆగి, కొత్త గడ్డలు తగ్గాయని 1983లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అది చెప్పాను. మన తుంగ సంగతి మాత్రం తవ్వి చూద్దామన్నాను.

పారతో మెల్లగా పెళ్ళగించాం. దారానికి గుచ్చినట్టు వరసగా నాలుగు గడ్డలు. ఒకటి గోరుతో గిల్లితే లోపల తెల్లగా, గట్టిగా ఉంది, తుంగముస్తల వాసన గుప్పుమంది. పైన ఆకులు అలా మాడిపోతున్నా కింద గడ్డకి ఏ లోటూ లేదు. ఆ మూడు పలకల కాడని వేళ్ళ మధ్య తిప్పుతూ కాసేపు అలాగే కూర్చున్నాను.

మిగతా మొక్కల్ని సంక్రాంతి దాకా ఉంచమని అడిగాను, వారం వారం వచ్చి చూసుకుంటానని. తుంగ కనబడితే పీకకుండా ముందుకి కదలని మనిషి, ఏమీ అనకుండా వెళ్ళి ఒక సరుగుడు పుల్ల తెచ్చి వాటి పక్కన గుచ్చారు.