పచ్చి మామిడి దుంగతో ఒక ఆదివారం

మొన్నటి గాలివానకి పక్కవీధిలో పడిపోయిన మామిడిచెట్టు మొదలు ముక్క ఒకటి నిన్న సాయంత్రం మా ఇంటికి చేరింది. మూడడుగుల పొడవు, 14 అంగుళాల లావు. చెక్క గిన్నెలు చెయ్యడానికి ఇంతకన్నా మంచి దుంగ దొరకదు. పొద్దున టిఫిన్ కాగానే దాని పని పట్టాను.

పచ్చి కర్ర బరువులో సగం దాకా నీళ్లే ఉండొచ్చు. ఆ నీళ్లు పక్కల నుంచి నెమ్మదిగా పోతాయి, కోసిన చివరల నుంచి పది రెట్లకి పైగా వేగంగా పోతాయి. చివర ఆరి ముడుచుకుంటుంటే లోపల ఇంకా తడిగానే ఉంటుంది, ఆ పెనుగులాటలో నెర్రెలు విచ్చుకుంటాయి. గిన్నె నిలుస్తుందా పగులుతుందా అన్నది లేత్ (కర్రని గిర్రున తిప్పుతుంటే ఉలితో చెక్కే యంత్రం) ఎక్కకముందే చాలావరకు తేలిపోతుంది.

ముందు దుంగని లావుకన్నా రెండంగుళాలు ఎక్కువ పొడవుండేలా రెండు ముక్కలు చేశాను. చివర పగిలినా కోసి పారేయడానికి ఆ మాత్రం ఉండాలి. తర్వాత ఒక ముక్కని నడిమధ్యకి నిలువునా చీల్చాను. వలయాలన్నీ మొదలయ్యే ఆ నడిమి మెత్తటి భాగాన్ని అటూ ఇటూ అంగుళం చొప్పున తీసెయ్యాల్సిందే. అది గిన్నెలో మిగిలిందా, పగులు ఖాయం. అంత మంచి చెక్క పోతుందే అని మనసు పీకుతుంది కానీ, ఇక్కడ మొహమాటపడకూడదు.

మామిడికి ఒంటికి తగిలితే పొక్కే జీడి ఉంటుంది, చెక్క పొట్టు కూడా కొందరికి పడదు. అందుకే మాస్కు, పొడుగు చేతుల చొక్కా. ఉక్కపోతలో కష్టమే.

రెండు సగాల్లో ఒకదాని చివరలకీ, విడిగా ఉన్న రెండో ముక్క చివరలకీ నీళ్లు త్వరగా పోకుండా మైనం పూశాను. వేడినీళ్ల గిన్నెలో డబ్బా పెట్టి కరిగించి బ్రష్షుతో రాస్తుంటే, తడి చెక్క మీద పడగానే చిన్న చిన్న బుడగలు లేచాయి. రెండో పూతకి కానీ అవి ఆగలేదు. వలయాలు ఆ తెల్లటి పొర కింద ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

మిగిలిన సగాన్ని గుండ్రంగా కోసి లేత్‌కి బిగించాను. చెట్టు నడుమ వైపు గిన్నె నోరు, బెరడు వైపు అడుగు. పచ్చి కర్ర ఉలికి ఎంత సుఖంగా లొంగుతుందో! పొట్టు పొడవాటి తడి రిబ్బన్లుగా వచ్చి చేతి మీద పడుతుంది, పచ్చిమామిడి వాసన లాంటిది ఏదో గదంతా నిండుతుంది. పదంగుళాల గిన్నెకి గోడ అంగుళం మందం ఉంచాను. కర్ర వలయాల వెంబడి ముడుచుకునేది నడుమ నుంచి బెరడు వైపు ముడుచుకునేదానికి దాదాపు రెట్టింపు. కాబట్టి గుండ్రటి గిన్నె ఆరేసరికి కోలగా తయారవుతుంది. మళ్లీ గుండ్రం చేసుకోవడానికే ఆ మందం.

మధ్యాహ్నం బాబాయ్ వచ్చాడు. “ఇప్పుడే పూర్తి చేసేయొచ్చుగా, మళ్లీ ఆరబెట్టడం ఎందుకురా?”

“ఇప్పుడు చేసేస్తే దీపావళికి వంకరపోయిన గిన్నె ఇవ్వాలి బాబాయ్. సంక్రాంతి దాకా ఆగండి.”

ఏటికొప్పాక బొమ్మలు చేసేవాళ్లు కూడా అంకుడు కర్రని బాగా ఆరబెట్టాకే లేత్‌కి ఎక్కిస్తారు. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఒత్తి, ఆ రాపిడి వేడికే కరిగించి రంగు పట్టిస్తారు. ఆ పనితనం చూసినప్పుడల్లా నాకు ఎంతో గౌరవం కలుగుతుంది.

ఎండాకాలం వడగాడ్పుల్లో కంటే ఈ వర్షాకాలంలో ఆరబెట్టడమే నాకిష్టం. ఆలస్యమవుతుంది, బూజు రాకుండా కనిపెట్టుకోవాలి కూడా. అయినా కర్ర మీద ఒత్తిడి తక్కువ.

గిన్నె అడుగున పెన్సిలుతో తేదీ, బరువు రాశాను: 1 కిలో 940 గ్రాములు. దాని పొట్టులోనే పెట్టి కాగితపు సంచిలో చుట్టి మెట్ల కింద ఉంచాను. ఇక వారానికోసారి తూకం వెయ్యాలి. వరుసగా కొన్ని వారాలు బరువు తగ్గకుండా ఉంటే అప్పుడు మళ్లీ లేత్‌కి. మైనం పూసిన సగాన్ని మాత్రం ఈ వారంలోనే చెక్కెయ్యాలి.