బండి చల్లగా ఉండటమే జబ్బని తెలిసేదాకా

కిందటేడు డిసెంబర్‌లో అనంతపురం నుంచి కర్నూలుకు పోయి వచ్చిన రోజు రాత్రి నాన్న తన నోట్‌బుక్కులో 8.1 అని రాసి దాని కింద రెండు గీతలు గీశారు. రానూపోనూ మూడొందల కిలోమీటర్లు, 37 లీటర్ల పెట్రోలు. పోయిందంతా 44వ నంబర్ జాతీయ రహదారి మీదే. సిటీ ట్రాఫిక్ లేదు, ఘాట్ లేదు, 80 దాటి తొక్కలేదు. అయినా లీటరుకు ఎనిమిదే.

మాది 2009 మోడల్ పెట్రోల్ ఎస్‌యూవీ, ఐదు గేర్ల ఆటోమేటిక్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. నాన్నకు ఎడమ మోకాలి ఆపరేషన్ అయ్యాక క్లచ్ తొక్కే బండి వద్దనుకున్నాం. ఇంకో కారణం కూడా ఉంది. వెనక సీట్లు మడిస్తే ఆరడుగుల చోటు వస్తుంది. దాంట్లో పరుపు, కిటికీలకు అమ్మ కుట్టిన కర్టెన్లు, చిన్న గ్యాస్ స్టవ్, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను. గండికోట, బెలూం గుహలు, అహోబిలం అన్నీ ఇందులోనే తిరిగాం, ఎన్నో రాత్రులు ఇందులోనే పడుకున్నాం. విదేశాల్లో మోటార్‌హోమ్ అంటారే, మాకు ఇదే అది. పదిహేనేళ్లు నిండాక ఆర్సీ ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ చేయించింది కూడా అందుకే. అమ్మేయాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ లేదు. కానీ లీటరు వంద దాటిన రోజుల్లో ఎనిమిది ఇస్తే టూర్లు తగ్గించుకోక తప్పదు.

ఎవరిని అడిగినా "ఇథనాల్ కలిపిన పెట్రోలు సార్, అందరికీ అంతే" అన్నారు. నేను స్కూల్లో సైన్స్ చెప్తాను కాబట్టి కూర్చుని లెక్క వేశాను. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే మొత్తం మీద ఆరేడు శాతం తగ్గాలి. అమ్మినాయన పదిన్నర వచ్చేదని చెప్పారు. అది నిజమైతే ఆరేడు శాతం పోయినా తొమ్మిదిన్నర పైనే రావాలి కదా.

ఊళ్లో ఒక షెడ్డుకు తీసుకుపోతే, అక్కడాయన పది నిమిషాలు నడిపి చూసి "గేర్‌బాక్స్ స్లిప్ అవుతోంది, దించాలి, లక్షా ఇరవై వేలవుతుంది" అన్నాడు. ఆయిల్ తీసి చూడలేదు, స్కానర్ పెట్టలేదు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. పొద్దున్నే నాన్న ఒకటే మాట అన్నారు: "ముందు కొలుద్దాం, తర్వాత విప్పుదాం."

అప్పటినుంచి ఒకే బంకు, ఒకే పంపు, నాజిల్ తనంతట తాను ఆగగానే ఆపేయడం, ట్రిప్ మీటర్ సున్నా చేయడం. పైసలు రౌండ్ చేయడానికి ఇంకో చుక్క పోయించలేదు. మైలేజీ లెక్కలో సగం తప్పులు ఆ చివరి చుక్కల దగ్గరే వస్తాయని నా నమ్మకం. టాపు మీద ఖాళీగా ఉన్న క్యారియర్ తీసేసి, టైర్లలో గాలి డోర్ పక్కన స్టిక్కర్ మీద ఉన్నంత పట్టించాం. 8.6 వచ్చింది.

తర్వాత గేర్ ఆయిల్. గుత్తి రోడ్డులో ఒక మెకానిక్ అన్న ఉన్నాడు, పెద్ద షెడ్డు కాదు గానీ చెప్పేది ఓపిగ్గా వింటాడు. డిప్‌స్టిక్ తీసి తెల్లగుడ్డకు తుడిచాడు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే ఆయిల్‌ను ఏటీఎఫ్ అంటారు. కొత్తది ఎర్రగా ఉంటుంది, మాది కాఫీ డికాషన్ రంగులో ఉంది. కొంచెం మాడిన వాసన కూడా వచ్చింది. డ్రెయిన్ నట్టు విప్పితే మూడు లీటర్ల లోపే దిగింది. మిగతాది ఇంజన్‌కూ గేర్లకూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది, ఒక్కసారి మార్చితే పోదు. అందుకని నాలుగైదు వందల కిలోమీటర్లకోసారి చొప్పున మూడుసార్లు మార్పించాం. మాన్యువల్‌లో ఏ కోడ్ ఏటీఎఫ్ అని రాసి ఉందో అదే పోయించాం, దీంట్లో 'దాదాపు అలాంటిదే' పనికిరాదు. గేర్లు వెన్నలా పడటం మొదలైంది. మైలేజీ మాత్రం 8.7. గేర్‌బాక్స్ ఆయుష్షు కోసం ఆయిల్ మార్చుకోవాల్సిందే గానీ, మైలేజీ పెరుగుతుందని మార్చితే నిరాశే.

ఇక్కడ టార్క్ కన్వర్టర్ గురించి కొంచెం చెప్పాలి. మాన్యువల్ బండిలో ఇంజన్‌కూ గేర్లకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. ఆటోమేటిక్‌లో దాని బదులు ఆయిల్ నిండిన టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది, కానీ అంత వేగంగా తిరగదు. ఆ తేడా అంతా వేడిగా పోతుంది. అందుకే స్పీడ్ నిలకడగా ఉన్నప్పుడు రెంటినీ బిగించి పట్టేసే లాకప్ క్లచ్ ఒకటి లోపల పెట్టారు. అది పట్టుకుంటే మాన్యువల్ బండిలా నేరుగా లాగుతుంది. స్పీడ్ మారకుండానే, ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు రెండు మూడొందలు కిందికి దిగుతుంది.

మా బండిలో ఆ ముల్లు దిగేదే కాదు. 80లో 2,250 దగ్గరే ఉండేది. రోడ్డు ఖాళీగా, వెనక ఏ బండీ లేనప్పుడు, యాక్సిలరేటర్ అలాగే పట్టుకుని ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ను లైటు వెలిగేంత మాత్రం తాకాను. లాకప్ పట్టి ఉంటే అప్పుడది వదిలేసి ఆర్‌పీఎం పెరగాలి. ఏమీ మారలేదు. అంటే లాకప్ అసలు పట్టడమే లేదు. నిజంగానే గేర్‌బాక్స్ పోయిందేమో అనుకున్నాను.

అసలు సంగతి మెకానిక్ అన్న, బండి కంప్యూటర్‌లోని రీడింగులు చూపే ఓబీడీ స్కానర్ పెట్టాక బయటపడింది. తెల్లవారుజామున హైవే మీద ముప్పై కిలోమీటర్లు పోయాక కూడా, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ 64 డిగ్రీలే చూపిస్తోంది. మీటర్‌లో వేడి ముల్లు ఎప్పుడూ పావు దగ్గరే ఉండేది. కొనేటప్పుడు అమ్మినాయన "చూడండి, బండి ఎంత చల్లగా ఉందో" అని దాన్నే గొప్పగా చూపించారు. మేమూ మురిసిపోయాం. అనంతపురం ఎండల్లో బతికేవాళ్లకు ఇంజన్ వేడెక్కుతుందనే భయం తప్ప, వేడెక్కలేదన్న బాధ ఎందుకుంటుంది!

అన్న రేడియేటర్ పైపు విప్పి, హౌసింగ్‌లో వేలు పెట్టి చూశాడు. "వాల్వే లేదు సార్. ఎండలకు బండి కాగుతాదని పీకేసుంటారు. ఈడ శానామంది అట్లనే చేస్తారు."

ఇంజన్ కాగేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపేది థర్మోస్టాట్ వాల్వ్. అది లేకపోతే నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లోకి పోతుంటాయి. ఇంజన్ ఎంతసేపటికీ కాగదు. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ కొడుతుంది. పైగా పాత ఆటోమేటిక్‌లలో చాలావాటికి ఇంజన్ ఒక వేడికి చేరేదాకా లాకప్ పట్టనివ్వని ఏర్పాటు ఉంటుంది. చేరకపోతే ఎన్ని కిలోమీటర్లు పోయినా పట్టదు. గేర్‌బాక్స్‌లో ఏ జబ్బూ లేదు, దానికి అనుమతే రావడం లేదు.

కొత్త వాల్వ్ తెచ్చాను, దాని మీద 82 అని ఉంది, అంటే 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. బిగించే ముందు పనిచేస్తుందో లేదో చూడాలని నాన్న పట్టుబట్టారు. సత్తు గిన్నెలో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టి, స్కూల్ ల్యాబ్ నుంచి తెచ్చిన థర్మామీటర్ అందులో వేలాడదీశాం. వాల్వ్ మూతను కొంచెం తెరిచి సందులో దారం ఇరికించి, ఆ దారంతోనే నీళ్లలోకి దించాం. 70 అయింది, 75 అయింది, నాన్న కళ్లజోడు ఆవిరికి మసకబారింది. 83 దగ్గర టప్‌మని దారం జారి వాల్వ్ గిన్నె అడుక్కి పడింది. లోపలున్న మైనం కరిగి ఉబ్బి మూతను నెట్టింది. 95కి మూత దాదాపు సెంటీమీటరు తెరుచుకుంది. చల్లారాక మళ్లీ గట్టిగా మూసుకుంది.

రబ్బరు రింగు, కొత్త కూలెంట్, గాలి బుడగలు పోయేదాకా ఇంజన్ నడపడం, అన్నీ కలిపి గంటన్నర పని. ఖర్చు మూడు వేల లోపే.

సంక్రాంతి సెలవుల్లో తాడిపత్రి, జమ్మలమడుగు మీదుగా గండికోట పోయాం. ఊరు దాటిన కాసేపటికే వేడి ముల్లు సగానికి కాస్త కిందిదాకా ఎక్కి ఆగింది, స్కానర్‌లో 87. స్పీడ్ 80లో నిలబడగానే ఆర్‌పీఎం ముల్లు మెత్తగా 1,950కి దిగింది. బ్రేక్ తాకి చూస్తే పైకి లేచింది, వదిలాక మళ్లీ దిగింది. నాన్న "ఇంకోసారి" అన్నారు. మళ్లీ చూపించాను.

తిరిగొచ్చి అదే పంపు దగ్గర ఫుల్ చేస్తే 9.9. మే నెలలో 43 డిగ్రీల ఎండలో ఏసీ వేసుకుని కర్నూలుకు పోయినప్పుడు కూడా వేడి ముల్లు సగం దాటలేదు. 110లో పోతే మైలేజీ తొమ్మిదికి పడిపోతోంది కాబట్టి 85 దాటడం లేదు. పీకేసిన వాల్వ్ విషయం అమ్మినాయనకు ఫోన్ చేసి చెప్పాను. ఆయనకూ తెలియదట. ఆయన ఇప్పుడు నడుపుతున్న బండిలో వాల్వ్ ఉందో లేదో చూపించుకుంటానన్నారు.