ఆ శ్లోకంలో కుక్కని దాటేయకండి

మాఘమాసం, ఆదివారం. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడిలో లైను ఎంత పొడుగుంటుందో మన శ్రీకాకుళం జిల్లావాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నా ముందు ఒకాయన, ఇంచుమించు నా వయసే. పట్టుపంచె, మెడలో స్ఫటికమాల, చేతిలో ఫోను, ఫోనులో ఆదిత్యహృదయం. చక్కగా చదువుతున్నాడు కూడా, ఎక్కడా సంధి తప్పలేదు. "రశ్మిమంతం సముద్యంతం" దగ్గరికి వచ్చేసరికి ఒక కుక్క నీడ కోసం చెప్పులు విడిచిన చోటు నుంచి మా కాళ్ల మధ్యకి వచ్చింది. బక్కది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఆయన పంచె అంచు ఎత్తి పట్టుకుని దాన్ని డొక్కలో ఒక్క తాపు తన్నాడు. అది కుయ్యిమని వెళ్లిపోయింది. ఆయన "దేవాసుర నమస్కృతం" అని అందుకున్నాడు.

నేనేమీ అనలేదు. అనాల్సింది. లైనులో గొడవెందుకని ఊరుకున్నాను, ఆ ఊరుకున్నందుకే ఇది రాయాల్సి వస్తోంది.

ఆ గుడి ఎలా వెలిసిందో స్థలపురాణం చెప్పేదేమిటి? ఇంద్రుడు వేళ కాని వేళ రుద్రకోటేశ్వరుడి దర్శనానికి వచ్చాడు. ద్వారం దగ్గర నందీశ్వరుడు ఇప్పుడు కాదన్నాడు. నేను దేవేంద్రుణ్ణి, నన్నాపుతావా అని తోసుకుని పోబోయాడు. నంది తన్నిన తన్నుకి ఎక్కడో పడ్డాడు. ఆ దెబ్బ మానడానికే సూర్యభగవానుణ్ణి ప్రతిష్ఠించుకున్నాడు. అంటే అధికారం ఉంది కదా అని మిడిసిపడినవాణ్ణి ఒక ఎద్దు తంతే వెలిసిన గుడి అది. అక్కడ నిలబడి మనం కుక్కని తన్నుతున్నాం. మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులు తెల్లవారి కిరణాలు స్వామి పాదాలు తాకుతాయని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారే, మిగతా రోజుల్లో ఆ కిరణాలే ఆ కుక్క వీపు మీద కూడా పడతాయి. ఆ స్వామికి లేని పట్టింపు మనకెందుకు?

సరే, శ్లోకానికి వస్తాను. గీతలో అయిదో అధ్యాయం, పద్దెనిమిది.

విద్యావినయసంపన్నే బ్రాహ్మణే గవి హస్తిని
శుని చైవ శ్వపాకే చ పండితాః సమదర్శినః

చదువూ వినయమూ ఉన్న బ్రాహ్మణుడిలో, ఆవులో, ఏనుగులో, కుక్కలో, కుక్కమాంసం వండుకు తింటాడని వెలివేసిన శ్వపాకుడిలో పండితులు ఒక్కదాన్నే సమానంగా చూస్తారని. ఇది ఎన్ని ప్రవచనాల్లో విన్నానో. విద్య, వినయం అన్న చోట అరగంట. గవి అనగానే గోమాహాత్మ్యం ముప్పావుగంట. హస్తిని అంటే గజేంద్రుడు, ఇంక పోతన పద్యాలు. శుని దగ్గరికి వచ్చేసరికి టైమైపోతుంది, "కుక్కలో కూడా" అనేసి మంగళం పాడేస్తారు. ఇక శ్వపాకుడి మాటైతే పెదవి కదిలీ కదలకుండా దాటేస్తారు. మనం ఊరి చివరికి తోసేసిన మనుషుల్ని కూడా అదే వరసలో పెట్టి సమానంగా చూడమన్నాడు స్వామి. అది చదివినప్పుడు తల దించుకోవాలి. దాని గురించి రాసే అర్హత నాకు ఇంకా రాలేదనిపిస్తుంది, కనక కుక్క దగ్గరే ఆగుతాను.

ఒక్కసారి ఆ శ్లోకం పైకి చదివి చూడండి. బ్రాహ్మణుడికి "ఏవ" లేదు. ఆవుకి లేదు. ఏనుగంత ఏనుగుకీ లేదు. "శుని చ ఏవ". నొక్కి చెప్పే ఆ మాట కుక్క పక్కనే వచ్చి కూర్చుంది. అది పాదపూరణమండీ, ఛందస్సు కోసం వేసింది అంటారు వ్యాకరణం చదువుకున్నవాళ్లు. అయ్యుండొచ్చు. అయితే భగవంతుడి నోటి వెంట ఖాళీగా ఉన్న చోటు పూరించడానికి ఒక మాట వచ్చి, అది కుక్క దగ్గరే పడిందంటే నాకు ఇంకా ముద్దొస్తుంది. మనింట్లోనూ అంతే కదా, వడ్డించగా మిగిలింది దానికే.

విభక్తి కూడా చూడండి. అన్నీ సప్తమి. గవి, ఆవులో. హస్తిని, ఏనుగులో. శుని, కుక్కలో. దాన్ని బయటి నుంచి చూసి అయ్యో పాపం అనమని చెప్పలేదు. దానిలో ఏదో ఉంది, అది చూడమన్నాడు. జాలికైతే ద్వితీయ, "కుక్కని" అంటే సరిపోయేది.

భారతం మొదలయ్యేదీ కుక్కతోనే, ముగిసేదీ కుక్కతోనే. చివరి కుక్క అందరికీ తెలిసిందే, ధర్మరాజు వెంట వెళ్లింది. మొదటిది మరిచిపోతాం. జనమేజయుడి తమ్ముళ్లు యాగశాలలో ఒక కుక్కపిల్లని కొట్టారు. అది ఏడుస్తూ తల్లి సరమ దగ్గరికి వెళ్లి, నేను హవిస్సు వైపు చూడనైనా లేదు, నాకలేదు, ఊరికే కొట్టారంది. సరమ వచ్చి రాజుని నిలదీసింది. "తగునిది తగదని యెదలో వగవక" అని నన్నయ్యగారి పద్యం బళ్లో అందరం అప్పజెప్పినదే. సాధువులకి, పేదవాళ్లకి ఎగ్గు చేసేవాళ్లకి కారణం తెలియని భయాలు వస్తాయి అని. చిన్నప్పుడు గడగడా చదివేశాం, మార్కులేయించుకున్నాం. అది ఒక కుక్క రాజుతో అన్న మాట అని ఎంతమందికి గుర్తుంది? యాగశాలలో తన్నులు తిన్న ఆ పిల్లకీ అరసవల్లి లైనులో తన్నులు తిన్న దీనికీ తేడా ఏమిటి? దీనికి సరమ లేదు, అంతే.

ఇక నా సంగతి. ఎదుటివాడి తాపు గురించి ఇంత రాశాను కదా, నాది కూడా రాయకపోతే అన్యాయం.

మా మనవరాలు బరువులెత్తుతుంది. పదిహేనేళ్ల పిల్ల. మా వైపు అదేమీ వింత కాదు. ఆమదాలవలస నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన దగ్గర్నుంచి ఈ చుట్టుపక్కల ఆడపిల్లకి భుజం కాస్త గట్టిగా ఉంటే చాలు, బార్ పట్టిద్దామా అనుకుంటారు. విజయనగరం దగ్గర కొండవెలగాడ సంగతి సరేసరి, ఆ ఊరి పిల్ల మత్స సంతోషి కామన్వెల్త్ పతకం తెచ్చింది. మా శ్రీకాకుళం స్టేడియానికి కోడి రామ్మూర్తి పేరు. ఏనుగుని గుండె మీద నిలబెట్టుకున్న మనిషి. ఆయనకి "హస్తిని" అన్న మాట మనకంటే బాగా అర్థమై ఉంటుంది.

పిల్ల సెలెక్షన్స్‌కి వారం ముందు నేను అరసవల్లి వెళ్లి మొక్కుకున్నాను. అమ్మడు నెగ్గితే ఏడు ఆదివారాలు సూర్యనమస్కారాల పూజ. నెగ్గకపోతే ఏం చేస్తానో చెప్పలేదు. అది మొక్కు కాదు, బేరం. సంతలో వంకాయల బేరమైనా ఇంతకంటే మర్యాదగా ఉంటుంది. దానికి తోడు పిల్ల చేతికి ఎర్రదారం, బ్యాగులో నిమ్మకాయ, బయల్దేరేటప్పుడు ఎదురు మంచిదో కాదో చూసుకోవడం. ఆటలకి ముందు దేవుణ్ణి తలుచుకోవడం తప్పని నేననను. దండం పెట్టుకుని ప్లాట్‌ఫాం ఎక్కే పిల్లని చూస్తే కళ్లు చెమరుస్తాయి. అవతలి పిల్లకి కూడా ఒక తాత ఉంటాడని, ఆయనా ఏదో గుడిలో మొక్కి ఉంటాడని నాకు తట్టలేదు. అది తప్పు.

స్నాచ్‌లో, అంటే బార్‌ని ఒక్క ఊపులో నేల మీంచి తల పైకి ఎత్తే దాంట్లో, 45 కిలోలు పెట్టించారు. రోజూ ప్రాక్టీసులో ఎత్తే బరువే. మొదటిసారి బార్ తల వెనక్కి పోయింది. రెండోసారి మోచేయి మడత పడింది, న్యాయనిర్ణేతల మూడు దీపాల్లో రెండు ఎర్రగా వెలిగాయి, అంటే ఎత్తు చెల్లలేదు. ఒకసారి పెట్టించాక ఆ ఆటలో బరువు తగ్గించడానికి లేదు. మూడోసారి బార్ మోకాళ్ల దాకా వచ్చి దడాలున పడింది. స్నాచ్‌లో మూడూ పోతే రెండు రకాల ఎత్తులూ కలిపే టోటలే లేదు, పిల్ల పేరెదురుగా అంకె ఉండదు. కింద కూర్చున్న నేను ఏమనుకున్నానో తెలుసా? "ఇంత మొక్కాను, ఇదా నువ్వు చేసేది?" అనుకున్నాను. పిల్లని కాదు, సూర్యనారాయణమూర్తిని.

ఆటోలో ఎవరం మాట్లాడలేదు. ఇంటికొచ్చాం. మా ఇంటావిడ గుమ్మంలోంచే "ఏటయ్యిందమ్మీ? ఎంతెత్తావు?" అంది. ఎదురింటివాళ్లు అరుగు మీదకి వచ్చి "ఎంతొచ్చింది?" అన్నారు. ఫోనులో వాళ్ల నాన్న "ఎన్నో ప్లేసు?" అన్నాడు. పిల్ల షూ కూడా విప్పకుండా అరుగు మీద కూర్చుంది.

మా వీధి కుక్క ఒకటుంది. పెద్ద తల, సన్నటి నడుము, వెనకభాగం మళ్లీ లావు. అందుకని అమ్మడు దానికి డంబెల్ అని పేరు పెట్టింది. మా ఇంటావిడకి నోరు తిరగక డుంబూ అంటుంది, రెండింటికీ పలుకుతుంది. అది రోజూ ఎలా వస్తుందో అలాగే వచ్చింది. ముందు తోక, తర్వాత నడుము, ఆ తర్వాత మొత్తం ఒళ్లు ఊపుకుంటూ. పిల్ల అరచేతుల్లో తెల్లపొడి ఇంకా ఉంది, పట్టు జారకుండా రాసుకుంటారు కదా, అది. బొటనవేలి మొదట్లో కాయ చిట్లి, పొడిలో సన్నగా ఎర్రగీత. డంబెల్ ఆ చేతిని ఒకసారి వాసన చూసి, రుచి నచ్చక తుమ్మి, మళ్లీ వచ్చి గడ్డం పిల్ల షూ మీద ఆనించి పడుకుంది.

"తాతా, ఎంతెత్తావని ఇదొక్కటే అడగలేదు" అంది. అప్పుడేడ్చింది. లోపలికి పోయి నేనూ.

మర్నాడు పొద్దున్న అయిదింటికి పిల్ల ప్రాక్టీసుకి వెళ్లింది, కుక్క రోజూలాగే వీధి మలుపు దాకా వెళ్లి వచ్చింది. నేను మాత్రం రెండు ఆదివారాలు అరసవల్లి వెళ్లలేదు. ఆ దారినే మందులకొట్టుకి వెళ్లాను, గుడి వైపు తల తిప్పలేదు. అలిగాను. అరవై ఆరేళ్లవాణ్ణి.

ఆ రెండో ఆదివారమే, ఊరికే కూర్చుని గీత తెరిస్తే, ఆ కుక్క శ్లోకం కింద ఉన్న శ్లోకం కనబడింది. ఎన్నిసార్లు చదివానో, ఈ రెండూ పక్కపక్కన ఉన్నాయని ఎప్పుడూ గమనించలేదు. "ఇహైవ తైర్జితః సర్గో యేషాం సామ్యే స్థితం మనః". సామ్యంలో మనసు నిలిచినవాళ్లు ఇక్కడే, ఈ ఒంటితోనే, సృష్టిని గెలిచారట. జితః! గెలుపు! కుక్కలో కూడా చూడమని చెప్పిన మరుక్షణం ఆయన గెలుపు మాట ఎత్తాడు. పైగా ఇహైవ. ఎప్పుడో స్వర్గంలో కాదు, ఈ అరుగు మీదే. ఎదుట యుద్ధం పెట్టుకుని, నెగ్గుతామా లేదా అని వణుకుతున్నవాడికి చెప్తున్నాడు ఈ మాట. నేను ఏ దీపాలు తెల్లగా వెలగాలని మొక్కానో ఆ గెలుపు ఒకటి. ఇది వేరే ఒకటి. ఇందులో నాకు మూడు ప్రయత్నాలూ పోయాయి.

సిడ్నీలో మల్లీశ్వరి చివరిసారి 137.5 కిలోలు ఎత్తబోతే అది అందలేదు. అంతకుముందు స్నాచ్‌లో ఎత్తిన 110, రెండో రకంలో ఎత్తిన 130 కలిపి 240. మనం ఆ 240నే పాతికేళ్లుగా చెప్పుకుంటున్నాం. జారిపోయిన ఆ బార్ దగ్గర కూడా స్వామి ఉన్నాడా లేడా? ఉన్నాడని నమ్మితేనే సామ్యం. నోటితో నమ్ముతాను, బార్ కింద పడ్డప్పుడు మాత్రం మరిచిపోతాను.

ఇక్కడ నేను శ్లోకాన్ని కాస్త లాగానని ఒప్పుకుంటాను. శ్లోకంలో చూసేవాడు పండితుడు, కనబడేది కుక్క. నేను తిరగేసి కుక్కనే పండితుణ్ణి చేసేశాను. మా మేనమామ ఉండుంటే "ఒరే, డంబెల్‌కి సమత్వమా? పక్కవీధి కుక్క రానీ, తెలుస్తుంది" అనేవాడు. నిజమే. పాలవాడి మీద మొరుగుతుంది, నా చెప్పు ఒకటి కొరికేసింది. అది పండితుడేం కాదు. కాని నాకు పాఠం చెప్పింది అదే, ఏం చెయ్యను?

శ్రీకూర్మం వెళ్లి తాబేలు రూపంలో ఉన్న స్వామికి దండం పెడతాం. గుడిలో పెంచే నక్షత్ర తాబేళ్లకి ఆకులు పెట్టి ఫోటోలు దిగుతాం. సింహాచలం వెళ్లి వరాహమూర్తికి చందనం సమర్పిస్తాం. ఇంటికొచ్చి వీధిలో పంది కనబడితే రాయి వెతుక్కుంటాం. ఎవరికీ ఇది ఎబ్బెట్టుగా ఉండదు.

సమదర్శనం అన్నాడు గాని సమవర్తనం, అంటే అందరితో ఒకేలా మెలగడం, అనలేదని పెద్దలు చెప్తారు, అది కూడా నిజం. కుక్కని గర్భగుడిలోకి తీసుకుపొమ్మని నేననను. వీధిలో పిల్లల్ని కరిచే కుక్క ఉంటే దాన్ని చూస్తూ ఊరుకోమనీ అనను. కరిస్తే వెంటనే సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికెళ్లి సూది వేయించుకోండి. పసరు మందులూ తాయెత్తులూ వద్దు, రేబిస్, అదే పిచ్చికుక్క రోగం, వస్తే ఇక తిరుగులేదు. మీ వీధి కుక్కకి కూడా ఆ టీకా వేయించండి. నాకైతే అది ఏడు ఆదివారాల పూజకి సమానం. పుణ్యమని లడ్డూలు, కోవాలు పెట్టకండి, దాని ఒంటికి పడవు. గుప్పెడు వట్టి అన్నం, మజ్జిగ చాలు. దీపావళికి దాని తోకకి టపాకాయలు కట్టే గుంటల్ని చూసి నవ్వకండి, చెవి మెలిపెట్టండి.

రథసప్తమికి తల మీద జిల్లేడాకులు, రేగుపండ్లు పెట్టుకుని స్నానం చేశాం కదా. ఏడు జన్మల పాపం పోవాలని అడిగాం. ఎండలు ముదురుతున్నాయి. గేటు పక్కన నీడ పడే చోటు చూసి ఒక మట్టి మూకుడు పెట్టండి. ప్లాస్టిక్‌ది వద్దు, నీళ్లు కాగిపోతాయి. పొద్దున్నే నిన్నటి నీళ్లు పారబోసి, కొబ్బరిపీచుతో ఒకసారి తోమి, కొత్తవి పొయ్యండి. సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చిన చెంబులో కాసిని మిగులుతాయి కదా, అవి కూడా అందులోనే.