పట్టపగలు రాలిన చుక్క

జూన్ 26, 2025, గురువారం

పొద్దున్నుంచీ అంతా మామూలే, పిల్లల్ని సమ్మర్ క్యాంప్‌లో దింపడం, ఆఫీసు, వరసగా మీటింగులు. లంచ్ టైంలో కిందికి దిగి పార్కింగ్ లాట్ పక్కన చెట్ల కింద నడుస్తూ అమ్మకి ఫోన్ చేశా, అట్లాంటాలో పన్నెండున్నర అవుతోందంటే విజయవాడలో రాత్రి పది, పడుకునేముందు ఆ కాసేపే మాకు మాటలు. ఈసారి ఆవకాయ ఎవరెవరికి పంపిందో చెప్తోంది, నేను ఊఁ కొడుతున్నా, అంతలో దక్షిణం వైపు ఆకాశంలో ఒక నిప్పు గీత ఎడంనుంచి కుడికి కిందికి దిగుతూ సర్రున పోయింది. అంత ఎండలో కూడా కళ్ళు జిగేల్మన్నాయి. కొసన ఒక్కసారి భగ్గుమని ఆరిపోయింది, సన్నటి పొగ చార మాత్రం మిగిలింది. మొత్తం రెండు మూడు సెకన్లేమో.

"అమ్మా చుక్క రాలింది, చూశా!" అని అరిచేశా. "పగలు చుక్కేంటే?" అంది, మళ్ళీ తనే "సరే సరే, ముందు పచ్చటి చెట్టు వైపు చూడు" అంది. చిన్నప్పుడు డాబా మీద పడుకున్నప్పుడూ ఇదే చెప్పేది. చూశాను. నిజంగా మనసు పెట్టి చూశాను.

చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరూ తలెత్తలేదు, అదే బాధేసింది నాకు, ఎవరైనా "నేనూ చూశా" అంటే బాగుండు అనిపించింది. సాయంత్రానికి వార్తల్లో వచ్చేసింది. టైం 12:25, మా జార్జియా రాష్ట్రంలోనే ఆక్స్‌ఫర్డ్ అనే ఊరి మీద 48 మైళ్ళ ఎత్తులో మొదట కనపడిందట, గంటకి 30 వేల మైళ్ళ వేగంతో నైరుతి వైపు వస్తూ 27 మైళ్ళ ఎత్తులో ముక్కలైపోయిందని నాసా వాళ్ళు చెప్పారు. మూడడుగుల రాయి, బరువు టన్నుకి పైనే. మెరుపుల్ని పట్టే ఉపగ్రహాలకి కూడా ఆ వెలుగు దొరికిందట. స్టాక్‌బ్రిడ్జ్‌లో ఉండే ఫ్రెండ్‌కి చప్పుడు కూడా వినపడింది, కిటికీలు అదిరాయి, భూకంపం అనుకుని పిల్లాడిని ఎత్తుకుని బయటికి పరిగెత్తిందట పాపం. నా దాకా ఏ చప్పుడూ రాలేదు. హెన్రీ కౌంటీలో ఒకరింటి పైకప్పుకి చిల్లు పడింది, దేవుడి దయ, ఎవరికీ ఏం కాలేదు.

ఆగస్టులో కలుపుతున్నా:

ఆ ఇంట్లో పడిన ముక్క జార్జియా యూనివర్సిటీ వాళ్ళ దగ్గరికి వెళ్ళిందట. చెర్రీ టమాటా అంత రాయి, కప్పు, సీలింగ్ రెండూ దూసుకొచ్చి నేలకి సొట్ట పెట్టింది. వయసు 456 కోట్ల ఏళ్ళు అంటున్నారు, అంటే వయసులో మన భూమి కంటే పెద్దది! అన్ని కోట్ల ఏళ్ళు చీకట్లో తిరిగిన రాయి ఆఖరి రెండు సెకన్లూ నా కళ్ళబడ్డాయి, అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది. కొన్ని ముక్కలు కార్టర్స్‌విల్‌లో టెల్లస్ సైన్స్ మ్యూజియంలో పెడతారట. దసరాకి అమ్మ వస్తోంది, తననీ పిల్లల్నీ తీసుకెళ్ళాలి.