కానగంత కడుపులో సముద్రం

తిరుపతిలో ఎమ్మెస్సీ జువాలజీ చదివేటప్పుడు నా ప్రాజెక్టు సముద్రపు చేపల్లోని పరాన్నజీవులు. వాటిని బట్టి నీటి ఆరోగ్యం చెప్పొచ్చని సార్ అంటే నాకు ఎక్కలేదు. పురుగుందంటే నీళ్లు చెడినట్టే కదా అనుకునేదాన్ని.

పొద్దున్నే మార్కెట్లో కానగంతలు కొని ల్యాబ్‌లో కోసేదాన్ని. మూడు వారాలయ్యాక సార్ ఒకటే అడిగారు: "ఇవి ఏ తీరంలో పడ్డాయమ్మా?" జవాబు లేదు. ఏ రేవులో లారీ ఎక్కిందో, ఐసులో ఎన్నాళ్లుందో తెలియని చేపను పట్టుకుని ఏ సముద్రం సంగతి చెప్తాం? ఆ లెక్కలన్నీ పక్కన పెట్టేశాను.

నాయుడుపేట మీదుగా తూపిలిపాళెం వెళ్లి, బోటు ఒడ్డుకు రాగానే కొన్నాను. "చేప కాదంట, పేగులు కావాలంట ఈ పాపకు" అని అక్కడి అవ్వ ఒకటే ఆశ్చర్యం.

ఆ చేపల్లో ఒకదాని కాలేయం మీద గడియారం స్ప్రింగులా చుట్టుకుని తెల్లటి పిల్లపురుగు కనిపించింది. అనిసాకిస్. అది పెరిగి పెద్దదయ్యేది డాల్ఫిన్లు, తిమింగలాల పొట్టలో. రొయ్యలాంటి చిన్నజీవి, చేప, డాల్ఫిన్, ఇన్ని మెట్లెక్కాలి. పేగుల్లోని ట్రెమటోడ్లనే చదును పురుగులకైతే ముందు నత్తో ఆల్చిప్పో ఉండి తీరాలి. నడుమ ఒక్క జీవి పోయినా ఆ పురుగూ పోతుంది. అంటే ఆ పురుగు ఉందంటే ఆ జీవులన్నీ అక్కడ ఉన్నట్టే. మొప్పల మీది మోనోజీనియన్లనే పురుగుల తీరు వేరు. వాటికి చేప ఒక్కటి చాలు. నీళ్లు పాడై చేప నీరసిస్తే అవే పెరగొచ్చు. అందుకే ఎన్ని పురుగులని కాదు, ఏ పురుగులని చూడాలి. ముల్లుతల పురుగులకు పేగే ఉండదు, ఒంటితోనే పీల్చుకుంటాయి. సీసం, కాడ్మియం లాంటి విషపు లోహాలు చేప కండలోకన్నా వాటిలో ఎన్నో రెట్లు పేరుకున్న సందర్భాలున్నాయి.

స్లైడ్ల దగ్గర ఇంకో దెబ్బ. ఒక ట్రెమటోడ్‌కు కార్మైన్ రంగు చక్కగా పట్టింది. పురుగులోని నీళ్లు పోవడానికి 30, 50, 70, 90 శాతం ఆల్కహాలు దాటించి, తొందరలో 100 శాతంలో ఎక్కువసేపు ఉంచకుండానే, దాన్ని పారదర్శకంగా చేసే జైలీన్‌లో వేశాను. జైలీన్ పాలలా తెల్లబడింది. పురుగులో ఇంకా నీళ్లున్నాయన్నమాట. బయటికి తీసి, మళ్లీ 100 శాతం ఆల్కహాలులో వేసి, ఈసారి ఓపిగ్గా కూర్చున్నాను. జైలీన్ తేటగానే నిలిచింది. మైక్రోస్కోపు కింద అది అతుక్కునే రెండు చూషకాలు, గుడ్లతో నిండిన గర్భాశయం ఎర్రగా కనిపించాయి.

ఆ స్లైడు లేబుల్ మీద పురుగు పేరుకన్నా ముందు రేవు పేరు రాశాను.