పాత రిపీటర్‌కి రీసెట్, మెట్ల మలుపులో కొత్త చోటు

శనివారం సాయంత్రం

మా రూటర్ కింద ముందుగదిలో, ఫైబర్ తీగ లోపలికి వచ్చే కిటికీ పక్కన ఉంటుంది. చెల్లి ఆఫీసు పని చేసుకునేది మేడ మీద వెనక గదిలో. మధ్యలో ఒక శ్లాబు, రెండు తొమ్మిదంగుళాల గోడలు, ఒక ఇనుప బీరువా. ఆ గదిలో వైఫై ఎనలైజర్ యాప్ తెరిస్తే మైనస్ 84 డీబీఎం చూపించింది. ఈ అంకె సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే సిగ్నల్ అంత బలంగా ఉన్నట్టు. మైనస్ 50 ఉంటే దర్జాగా ఉండొచ్చు. మైనస్ 67 వరకు వీడియో కాల్‌కి ఢోకా ఉండదు. మైనస్ 80 దాటాక వాట్సాప్‌లో ఫొటో కూడా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. 10 తగ్గిందంటే అందే శక్తి పదో వంతుకి పడిపోయినట్టే, కాబట్టి 67కీ 84కీ తేడా చూడటానికి చిన్నదే కానీ అసలుకి చాలా పెద్దది.

బాబాయి వాళ్లు ఇల్లు మారుతూ వదిలేసిన రిపీటర్ (రూటర్ సిగ్నల్‌ని అందుకుని మళ్లీ ముందుకి పంపే పెట్టె) ఒకటి అటక మీద దొరికింది. నేరుగా గోడ ప్లగ్‌లోకి దిగే రకం. రెండు యాంటెనాలు, అడుగున నెట్ తీగ గుచ్చే లాన్ పోర్టు ఒకటి, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మాత్రమే. కొత్తది కొనేలోపు దీంతో ఎంతవరకు వస్తుందో చూద్దామనుకున్నాను.

ప్లగ్‌లో పెట్టగానే లైట్లయితే వెలిగాయి, కానీ దాని బుర్రలో ఇంకా బాబాయి వాళ్ల పాత నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డే ఉన్నాయి. పరాయి ఇంటి నుంచి వచ్చిన దాన్ని ముందు రీసెట్ చేయాల్సిందే. కరెంటు ఆన్‌లోనే ఉంచాలి. లైటు నిలకడగా వెలిగేదాకా ఆగి, పక్కనున్న సన్న రంధ్రంలోకి సిమ్ తీసే పిన్ను దూర్చాలి. లోపల బటన్ నొక్కుకున్నట్టు చేతికి తెలియాలి. పది సెకన్లు అలాగే పట్టుకుంటే లైట్లన్నీ ఒక్కసారి ఆరి మళ్లీ వెలుగుతాయి. ఆ తర్వాత రెండు నిమిషాలు దాన్ని కదపకూడదు. పైకి కనిపించే డబ్ల్యూపీఎస్ బటన్‌ని ఊరికే తట్టితే రీసెట్ అవదు, అది రూటర్‌తో జత కలపడానికి. కొన్ని మోడళ్లలో రెండింటికీ ఒకటే బటన్ ఉంటుంది, వాటిలో ఎక్కువసేపు నొక్కిపడితేనే రీసెట్.

ఆదివారం పొద్దున

రీసెట్ అయ్యాక ఫోన్‌లో పాస్‌వర్డ్ లేని కొత్త వైఫై పేరు ఒకటి కనిపిస్తుంది. దానికి కలిపే ముందు మొబైల్ డేటా ఆపేయాలి. లేకపోతే ‘ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు’ అని ఫోన్ తనంతట తానే డేటాకి మారిపోతుంది, సెట్టింగ్స్ పేజీ తెరుచుకోదు. చాలామంది రిపీటర్ పాడైపోయిందని పక్కన పడేసేది ఇక్కడే. వైఫై వివరాల్లో గేట్‌వే అని ఒక చిరునామా ఉంటుంది, మా దానికి 192.168.10.1. దాన్ని బ్రౌజర్‌లో పైన అడ్రస్ పట్టీలోనే కొట్టాలి, ముందు http:// పెడితే గూగుల్ వెతుకులాటకి పోకుండా ఉంటుంది.

పేజీలో రిపీటర్ మోడ్ ఎంచుకుని, మా రూటర్ పేరు వెతికి, పాస్‌వర్డ్ ఇచ్చాను. పాస్‌వర్డ్ సరైనదే, అయినా కలవనంది. రూటర్‌లో చూస్తే సెక్యూరిటీ కింద డబ్ల్యూపీఏ3 అనే కొత్త పద్ధతి ఒక్కటే ఆన్‌లో ఉంది. ఈ పాతదానికి ఆ భాష రాదు. రూటర్‌ని దాని ముందు తరం పద్ధతి డబ్ల్యూపీఏ2 (ఏఈఎస్)కి మార్చగానే కలిసింది. డబ్ల్యూపీఏ3 మీద డబ్ల్యూపీఎస్ బటన్ కూడా పనిచేయదు కాబట్టి, బటన్ నొక్కుతూ కూర్చున్నా లాభం ఉండేది కాదు.

కలిశాక 192.168.10.1 తెరుచుకోవడం మానేసింది. కంగారు పడక్కర్లేదు, ఇప్పుడు దానికి అడ్రస్ ఇచ్చేది మన రూటర్. రూటర్‌లో కలిసి ఉన్న పరికరాల జాబితా చూస్తే కొత్త అడ్రస్ దొరుకుతుంది. దాన్ని అక్కడే రిజర్వ్ చేసిపెట్టాను, రోజుకోసారి మారకుండా. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా అప్పుడే మార్చేశాను.

ఛానల్ సంగతి కూడా ఇప్పుడే చెప్పాలి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానళ్లు 1, 6, 11. మా చుట్టుపక్కల ఇళ్లన్నీ 1, 6 మీదే కూర్చున్నాయి. ఛానల్‌ని తనే ఎంచుకునే ఆటో తీసేసి, రూటర్‌ని 11లో స్థిరంగా పెట్టాను. ఒకే రేడియో ఉన్న రిపీటర్ రూటర్ ఛానల్‌లోనే పనిచేస్తుంది. రూటర్ ఆటోలో ఉండి ఛానల్ మార్చినప్పుడల్లా ఇది కాసేపు దారి తప్పుతుంది.

ఆదివారం మధ్యాహ్నం

అసలు పని ఇప్పుడు మొదలైంది, ఎక్కడ పెట్టాలన్నది. మొదట చెల్లి గదిలోనే పెట్టి చూశాం. ఫోన్‌లో గీతలు నిండుగా వచ్చాయి, మైనస్ 38. స్పీడ్ టెస్ట్ మాత్రం 3 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోయింది. ఫోన్ చూపించేది ఫోన్‌కీ రిపీటర్‌కీ మధ్య బలం మాత్రమే. రిపీటర్‌కి రూటర్ నుంచి అందుతున్నది అదే మైనస్ 84 కదా. ఎండిన బావి మీద కొత్త మోటారు బిగిస్తే ఏం తోడుతుంది?

అందుకే మెట్ల మలుపులో ఉన్న స్విచ్‌బోర్డుకి తెచ్చాను. శ్లాబులో ఇనుప చువ్వల జాలీ ఉంటుంది, దాన్ని చీల్చుకుని పైకి వెళ్లడం సిగ్నల్‌కి కష్టం. మెట్ల దగ్గర శ్లాబు తెరిచి ఉంటుంది. మన డాబా ఇళ్లలో సిగ్నల్‌కి అదే రాజమార్గం. అక్కడ రూటర్ సిగ్నల్ మైనస్ 61.

నాన్న కింద నుంచి చూసి, “నెట్ రానిది గదిలో అయితే మెట్ల మీద పెడతావేంట్రా?” అన్నారు.

“గదిలో దానికే అందట్లేదు నాన్నా, అందే చోట పెడితేనేగా పైకి పంపేది.”

“సరే, చీపురు తగిలి ఊడిపోకుండా చూడు.”

న్యాయమైన అభ్యంతరం. పై సాకెట్‌కి మార్చాను.

ఇప్పుడు చెల్లి గదిలో, బీరువాని ఒక అడుగు పక్కకి జరిపాక, మైనస్ 63. స్పీడ్ 24 ఎంబీపీఎస్. రూటర్ పక్కన ఇదే బ్యాండ్ మీద 55 వరకు వస్తోంది. రిపీటర్ ఒకే రేడియోతో రూటర్ మాట వినాలి, మళ్లీ అదే మాట పైకి చెప్పాలి. రెండూ ఒకేసారి చేయలేదు కాబట్టి సగం పోవడం మామూలే. డబ్బా మీద రాసిన 300 ఎంబీపీఎస్ అంకె 40 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానల్‌కి. ఇరుగుపొరుగు రద్దీలో వాడాల్సిన 20 మెగాహెర్ట్జ్‌కి అది కాగితం మీదే 144. వీడియో కాల్‌కి మాత్రం 24 ధారాళంగా సరిపోతుంది.

పరీక్షించినంతసేపు రిపీటర్‌కి వేరే పేరు ఉంచాను, ఏది దేనికి కలిసిందో తెలియడానికి. తర్వాత రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. అయినా కింద నుంచి పైకి వెళ్లినప్పుడు ఫోన్ కొంతసేపు రూటర్‌నే పట్టుకుని వేలాడుతుంది. ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే. వైఫై ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తే చాలు.

మిగిలినవి

మెట్ల దగ్గర సాకెట్‌కి ఇన్వర్టర్ లైను లేదు. కరెంటు పోతే కింద రూటర్ బతికే ఉంటుంది, పైన నెట్ పోతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ఒక్క పాయింట్ ఇన్వర్టర్ మీదకి మార్పించాలి.

శ్లాబు పైపులో వాడని పాత డిష్ కేబుల్ ఉంది. దాని చివరకి రాగి క్యాట్6 నెట్‌వర్క్ తీగ, తోడుగా ఒక నైలాన్ తాడు కట్టి లాగితే పై గది వరకు వస్తుంది. జాక్ ముందే బిగిస్తే పైపు మలుపులో ఇరుక్కుంటుంది, లాగాకే క్రింప్ చేయాలి. తీగ పడితే ఇదే రిపీటర్‌ని గదిలోకి తెచ్చి, లాన్ పోర్టుకి కలిపి, తీగలో వచ్చే నెట్‌ని వైఫైగా పంచే యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మార్చొచ్చు. అప్పుడు ఆ సగం కోత ఉండదు.