కుర్తా అంతా మొక్కల నుంచే: నా అనుభవం

బట్ట దొరకడమే కష్టమనుకున్నాను. తీరా చూస్తే ఈ పనిలో అన్నిటికన్నా సులువైంది అదే. మాది విశాఖ. పొందూరు వెళ్ళి ఖాదీ తెచ్చుకున్నాను. అక్కడ సన్న ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసి, చేత్తో నూలు వడుకుతారు. (పూర్తిగా మొక్కల బట్ట అని అందరికీ చెప్తున్నాను గానీ, దాని వెనక ఒక చేప కూడా ఉంది మరి.)

అసలు తంటా మిగతా సరంజామాతో. ఇన్నాళ్ళుగా బొటిక్ నడుపుతున్నా, ఒక కుర్తాలో ప్లాస్టిక్ ఎన్నిచోట్ల దాక్కుంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు. గుండీలంటే కంటికి కనబడతాయి, కొబ్బరి చిప్పవి దొరికాయి. కాలర్లో పెట్టి ఇస్త్రీతో అంటించే ఫ్యూజింగ్ మానేసి అదే ఖాదీ ఇంకో పొర వేయించాను. కాస్త మెత్తగా ఉంటుంది, నాకైతే అదే నచ్చింది. లేబుల్ బదులు గుడ్డముక్క మీద ముద్ర.

దారం దగ్గర ఆగిపోయాం. బజార్లో మామూలుగా దొరికేది పాలియెస్టర్. కుట్టాక రంగు వెయ్యాలని నా ప్లాన్. సహజ రంగులు పాలియెస్టర్‌కి సరిగా పట్టవు, కాబట్టి ముదురు రంగు కుర్తా మీద కుట్లన్నీ తెల్లగా పళ్ళికిలిస్తాయి. నూలు దారం తెస్తే మా టైలర్ మాస్టారు ఒక వరస కుట్టి చేతులెత్తేశారు. "ఇది మిషన్ మీద నడవదమ్మా, మాటిమాటికీ తెగిపోతోంది." మిషన్లో దారం బిగువు (టెన్షన్) వదులు చేసి, సూది మార్చి, మోటారు తీసేసి కాలితో తొక్కుతూ నెమ్మదిగా కుడితే నడిచింది. ఆయన గొణుగుడు మాత్రం ఆగలేదు. ఖాదీ అంచులు పోగులూడతాయి కదా, ప్రతి అతుకునీ లోపలికి మడిచి రెండోసారి కుట్టాల్సి వచ్చింది.

రంగు పని మాత్రం ఎన్నిసార్లు చేసినా విసుగు రాలేదు. బట్టని కత్తిరించే ముందే నానబెట్టి గంజి వదలగొట్టాను. గంజి ఉంటే రంగు మచ్చలుగా పడుతుంది, పైగా కుట్టాక కుంచించుకుపోతే కొలతలన్నీ పోతాయి. కుట్టిన కుర్తాని కరక్కాయ పొడి నీళ్ళలో నానబెట్టి ఆరేస్తే లేత పసుపు తిరిగింది. కలంకారీ వాళ్ళు ఇందులో గేదె పాలు కూడా కలుపుతారు, గీసిన రంగు పాకకుండా. నేను గీసేదీ లేదు, అచ్చు వేసేదీ లేదు కాబట్టి పాలు మానేశాను. ఆ వాసన తప్పినందుకు ఇంట్లోవాళ్ళు సంతోషించారు. శ్రీకాళహస్తి కలంకారీలో గీతలకి వాడే నల్లరంగు తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో వారాల తరబడి ఊరబెట్టి తీసిందే. అదే కొంచెం నీళ్ళలో కలిపి కుర్తా ముంచగానే పసుపు కాస్తా బూడిద రంగైపోయింది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిస్తే నలుపు. ఇంకా ముదురు కావాలని ఇనుము ఎక్కువేస్తే నూలు చివికిపోతుంది, అందుకే బూడిద దగ్గరే ఆపేశాను.

ధర విని సగంమంది వెనక్కి తగ్గారు, అది ఊహించిందే. ఇప్పుడు పైజామా మీద పడ్డాను. ఎలాస్టిక్ తీసేసి నూలు నాడా పెడదామంటే కుర్తా కొన్నవాళ్ళు కూడా ఒప్పుకోవడం లేదు.